తీర్పు తిరగబడిన ఉదయం

యేసు లేచాడన్న మాటకు అర్థం తెలియాలంటే ఆయన ఎలా చనిపోయాడో ముందు తెలియాలి. ఇవాళ సిలువ మెడలో బంగారు గొలుసుకు వేలాడుతోంది, చర్చి శిఖరం మీద రంగు బల్బులతో వెలుగుతోంది. రోమన్ల కాలంలో ఆ పేరు ఎత్తడమే అసహ్యం. రోమన్ పౌరుడి చెవిన కూడా ఆ మాట పడకూడదని సిసిరో అనే గొప్ప వక్త నిండు సభలో అన్నాడు. అది బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణచాక 6,000 మంది బానిసలను కపువా నుంచి రోమ్ వరకు దారి పొడవునా సిలువ వేశారు. బట్టలు ఊడదీసి, నలుగురూ నడిచే దారి పక్కన, రోజుల తరబడి చావనిచ్చేవారు. ప్రాణం తీయడంతో సరిపెట్టుకునే శిక్ష కాదది. ఆ మనిషి అసలు మనిషే కాదని ఊరందరి ముందూ చాటడం దాని ఉద్దేశం. 1968లో యెరూషలేము శివార్లలో ఒక రాతి పెట్టె దొరికింది. అందులో ఆ కాలపు యూదు యువకుడి ఎముకలున్నాయి. మడమ ఎముకలో ఇనుప మేకు ఇంకా దిగబడే ఉంది. సిలువ వేయబడినవాళ్లు వేలల్లో ఉన్నా ఇలాంటి ఆనవాళ్లు దొరకడం చాలా అరుదు. ఆ శవాలలో ఎక్కువ వాటికి సమాధి యోగమే లేదు మరి.

రోమ్ వేసిన ఈ తీర్పు మీద ఇంకో తీర్పు కూడా ఉంది. మాను మీద వేలాడదీయబడినవాడు దేవుని శాపానికి గురైనవాడని యూదుల ధర్మశాస్త్రం, ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం, చెబుతుంది. కాబట్టి ఆ శుక్రవారం మధ్యాహ్నం ప్రభుత్వం దృష్టిలో యేసు రాజద్రోహి, భక్తుల దృష్టిలో శాపగ్రస్తుడు. రెండు తలుపులూ మూసుకుపోయాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో మా తెలుగు పండితుడు గారు ఒక ఈస్టరు తర్వాత సోమవారం నాడు ఎంతో మర్యాదగా అడిగారు: “టీచర్ గారూ, తప్పుగా అనుకోకండి. దేవుడు చనిపోవడమేమిటండీ? చనిపోయినవాడు దేవుడెలా అవుతాడు?” అది ఎకసెక్కెపు ప్రశ్న కాదు. మొదటి శతాబ్దంలో ప్రతి యూదుడూ, ప్రతి గ్రీకువాడూ అడిగిన ప్రశ్నే. గ్రీకు పట్టణం కొరింథులో యేసును ప్రకటించిన పౌలుకు ఎదురైన ప్రశ్నా అదే. ఈ వ్యాసం ఆయనకు నేను చెప్పిన జవాబే, కొంచెం విస్తరించి.

మొదట చరిత్ర. యేసు అనే గలిలయ బోధకుడు తిబెరి చక్రవర్తి కాలంలో, పొంతి పిలాతు అధికారిగా ఉండగా చంపబడ్డాడని సువార్తలు మాత్రమే కాదు, క్రైస్తవులంటే ఏమాత్రం గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను ఏలాడు. 1961లో సముద్రతీరపు కైసరయలో ఆయన పేరు చెక్కిన రాయి బయటపడింది. సిలువ మరణం క్రీ.శ. 30లోనో 33లోనో జరిగిందని పండితులు లెక్కగడతారు. ఇంతవరకు పెద్దగా పేచీ లేదు.

పేచీ ఆదివారం దగ్గర మొదలవుతుంది. యేసు చనిపోయేసరికి శిష్యులు చెల్లాచెదురయ్యారు. పేతురు ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు. నాయకుడు చనిపోతే గుంపు చెదిరిపోవడం ఆ దేశంలో మామూలే. వంద ఏళ్ల తర్వాత, 132లో, బార్ కోఖ్బా అనే వీరుడు రోమ్ మీద తిరగబడ్డాడు. ఆయనే మెస్సీయ, అంటే దేవుడు పంపుతానన్న రాజు, అని గొప్ప గురువులు కూడా నమ్మారు. 135లో ఆయన చనిపోయాడు. ఆయన లేచాడని ఒక్కరూ అనలేదు. అనుచరులంతా ఆశ వదులుకున్నారు. యేసు విషయంలో అలా జరగలేదు. కొన్ని వారాలకే అదే యెరూషలేములో, ఆయనను చంపిన ఊళ్లోనే, ఆయన సజీవుడని ఆ పారిపోయినవాళ్లే నడివీధిలో నిలబడి చెప్పారు.

సువార్తల్లో ఆ ఉదయాన్ని చదువుతుంటే నన్ను ముందుగా పట్టేది ఆ సాక్షులే. నాలుగు సువార్తలూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలని చెబుతాయి. నాలుగింటిలోనూ మగ్దలేనే మరియ పేరుంది. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ స్త్రీల సాక్ష్యం చెల్లదని రాశాడు. కల్పించి రాసేవాడు ఎవడైనా కోర్టులో నిలబడని సాక్షిని ముందు పెడతాడా? పేతురునో, శవాన్ని అడిగి తీసుకున్న పెద్దమనిషి అరిమతయియ యోసేపునో పెట్టి ఉండేవాడు. లూకా ఇంకో మాట దాచకుండా రాశాడు: ఆ ఆడవాళ్లు వచ్చి చెబితే అపొస్తలులకే అది వెర్రిమాటగా తోచింది. మార్కు సువార్త మరీ విచిత్రం. నాలుగో శతాబ్దపు అతి పాత ప్రతుల్లో ఆ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గర్నుంచి పరుగెత్తారు, భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతే. తర్వాతి వచనాలు వెనక చేర్చినవని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ మాట విని మా సంఘంలో కొందరు కంగారుపడతారు. నాకు మాత్రం ఆ ఆగిపోవడంలోనే నిజం కనిపిస్తుంది. పండుగ చేసుకునేందుకు అల్లిన కథ భయంతో ముగియదు.

సువార్తలకన్నా ముందే రాసిన సాక్ష్యం ఒకటుంది. కొరింథీయులకు పౌలు మొదటి పత్రికను సుమారు 55లో, అంటే సిలువ తర్వాత పాతికేళ్ల లోపే రాశాడు. అందులో 15వ అధ్యాయంలో లేచిన క్రీస్తు ఎవరెవరికి కనబడ్డాడో వరుసగా చెబుతాడు: కేఫా అనే పేతురు, పన్నెండుగురు, ఒకేసారి 500 మందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తాను. ఆ అయిదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా అంటాడు. అంటే, కావలిస్తే వెళ్లి అడగండి అన్నట్టే. పైగా ఆ జాబితా తాను తయారు చేసింది కాదని, తనకు అప్పగించబడిందని చెబుతాడు. యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర పదిహేను రోజులున్నానని, యాకోబును చూశానని గలతీయుల పత్రికలో రాశాడు. ఆ జాబితా సిలువ తర్వాత కొద్ది ఏళ్లలోనే నోటి మాటగా ప్రచారంలో ఉండేదని, విశ్వాసులు కాని పండితులు కూడా చాలామంది అంగీకరిస్తారు.

ఆ పేర్లలో యాకోబు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఈయన యేసు సహోదరుడు. యేసు బతికుండగా సహోదరులు ఆయనను నమ్మలేదని యోహాను రాశాడు. ఇంట్లోవాళ్లు ఆయనకు మతి చలించిందనుకొని పట్టుకుపోవడానికి వచ్చారని మార్కు రాశాడు. తోబుట్టువుల్ని ఒప్పించడం ఎంత కష్టమో ఇంటిల్లిపాదితో బతికిన ఎవరికైనా తెలుసు. అదే యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. 62లో ప్రధాన యాజకుడు అననస్ ఆయనను రాళ్లతో కొట్టించి చంపించాడని జోసీఫస్ రాశాడు. అన్నయ్య దేవుడి దగ్గర్నుంచి వచ్చినవాడని, చచ్చి లేచాడని నమ్మి ప్రాణమిచ్చాడు. మధ్యలో ఏం జరిగింది? కనబడ్డాడు అంటాడు పౌలు, ఒక్క మాటలో.

ఇక్కడిదాకా చరిత్ర తోడొస్తుంది, ఆపైన రాదు. సోషల్ టీచరుగా ఈ మాట నేను దాచను. శిష్యులకు కలిగినవి మనసులో పుట్టిన దర్శనాలేనని గెర్డ్ ల్యూడెమన్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. పింకస్ లాపిడే అనే యూదు పండితుడు మాత్రం, తాను క్రైస్తవుడు కాకుండానే, యేసును మెస్సీయగా ఒప్పుకోకుండానే, ఆయన లేచింది నిజమన్నాడు. ఖురాన్ ఈసాను కన్య మరియమ్ కుమారుడిగా, మసీహ్‌గా ఎంతో గౌరవిస్తుంది గాని ఆయన సిలువ వేయబడ్డాడని, దేవుడని ఒప్పుకోదు. ఆధారాలు ఎన్ని పేర్చినా చివరి అడుగు విశ్వాసానిదే. నేను ఆ అడుగు వేశాను.

ఇప్పుడు ఇంకో సందేహం: లేవడమంటే ఏమిటి? చచ్చినవాడికి మళ్లీ ఊపిరి రావడం అనుకుంటే అది లాజరు కథ. బేతనియలో యేసు లాజరును లేపాడు, కాని లాజరు ముసలివాడై మళ్లీ చనిపోయి ఉంటాడు. ఆత్మ నశించదు అనుకుంటే అందుకు సమాధి ఖాళీ కానవసరం లేదు. మన దేశంలో ఆ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు కూడా. మరో జన్మ ఎత్తడమా అంటే అదీ కాదు. అదే యేసు, అదే ఒళ్లు, గాయాలతో సహా. అయినా మునుపటిలా లేడు. తలుపులు వేసిన గదిలోకి వచ్చాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు మైళ్ల దూరం పక్కపక్కనే నడిచినా పోల్చుకోలేదు, రొట్టె విరిచినప్పుడు పోల్చుకున్నారు. భూతమేమోనని వాళ్లు వణికితే తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్ల ముందే తిన్నాడు. తిబెరియ సరస్సు ఒడ్డున తానే బొగ్గుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసినవాళ్లను పొద్దున్నే భోజనానికి పిలిచాడు. నాకు ఈ ఘట్టమంటే ప్రాణం. మరణాన్ని జయించినవాడు సింహాసనం ఎక్కి కబురు పంపలేదు, పనివాళ్లకు పొద్దుటి తిండి వండిపెట్టాడు. తనను ఎరగనని మూడుసార్లు బొంకినవాణ్ణి అక్కడే కూర్చోబెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు.

అప్పటి యూదులలో పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మేవారు, సద్దూకయ్యులు నమ్మేవారు కాదు. నమ్మినవాళ్లు కూడా యుగాంతంలో అందరూ ఒకేసారి లేస్తారని, అప్పుడు దేవుడు న్యాయం తీరుస్తాడని నమ్మారు. లోకం ఇంకా అలాగే నడుస్తుండగా, రోమన్ సిపాయిలు ఇంకా వీధుల్లో తిరుగుతుండగా, మధ్యలో ఒక్కడే లేస్తాడని ఎవరూ ఎదురుచూడలేదు. కనుకనే ఆ సంగతి విన్నవాళ్లకు ఒకటే స్ఫురించింది: చివరి తీర్పు ముందుగానే వెలువడింది. పిలాతు కోర్టు ద్రోహి అన్నది, ఆలయ పెద్దలు శాపగ్రస్తుడన్నారు, పై కోర్టు ఆ రెండు తీర్పులనూ కొట్టేసింది. యేసు లేవడానికి నేను చెప్పుకునే అర్థం ఇదే. దేవుడు ఎవరి పక్షమో ఆ ఉదయం తేలింది.

అంతమాత్రం చేత యేసు దేవుడెలా అవుతాడు? లేచాడు గనుక దేవుడయ్యాడని, అంటే ఆయనకు పదోన్నతి వచ్చిందని మేము నమ్మం. ఆయన ఎవరో లేవడంతో తెలిసివచ్చింది. బతికుండగా ఆయన, నేను దేవుణ్ణి అని డప్పు కొట్టుకుని తిరగలేదు. కాని దేవుడొక్కడే చేయవలసిన పనులు తన సొంత అధికారంతో చేశాడు. కపెర్నహూములో పక్షవాతం వచ్చినవాణ్ణి పైకప్పు విప్పి దించితే, ముందు వాడి పాపాలు క్షమించాడు. దేవుడు తప్ప ఎవడు క్షమించగలడని అక్కడి ధర్మశాస్త్ర పండితులు గొణిగారు. వాళ్ల ప్రశ్న సరైనదే. కయప ముందు విచారణలో తాను దేవుని కుడిపక్కన కూర్చుంటానని చెబితే ప్రధాన యాజకుడు బట్టలు చింపుకున్నాడు. ఆ మాట బరువు కయపకు తెలిసింది.

దేవుడు ఒక్కడే అని రోజుకు రెండుసార్లు ప్రార్థనలో చెప్పుకునే జనం యూదులు. చక్రవర్తి బొమ్మకు మొక్కమంటే తల తెగినా మొక్కనివాళ్లు. యేసును మొదట ఆరాధించినది ఆ జనమే. విశ్రాంతి దినం శనివారం అయినా, ఆయన లేచిన ఆదివారం కూడుకోవడం మొదలుపెట్టారు. పౌలు ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలో దేవునితో సమానుడై ఉండీ తనను తాను ఖాళీ చేసుకుని దాసుడిగా మారిన క్రీస్తును కొనియాడాడు. అది పౌలుకన్నా ముందే సంఘాల్లో పాడుకున్న కీర్తన అని చాలామంది అంటారు. 112 ప్రాంతంలో ప్లైనీ అనే రోమన్ గవర్నరు తన చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో, ఈ క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడతారని తెలియజేశాడు. యేసును దేవుణ్ణి చేసింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి అని, నీకయ సభలో చేతులెత్తి తీర్మానించారని ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నీకయ సభ జరిగింది 325లో. ప్లైనీ ఉత్తరం దానికి రెండు వందల ఏళ్ల ముందుది.

నీకయ ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అనే ఊరు. 2025తో ఆ సభకు 1,700 ఏళ్లు నిండాయి. అక్కడ గొడవ అలెగ్జాండ్రియాకు చెందిన ఏరియస్ అనే సంఘ పెద్ద వల్ల వచ్చింది. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే, ఆయన లేని కాలం ఒకటుందని ఏరియస్ బోధించాడు. వినడానికి తేలిగ్గా అర్థమయ్యే మాట. సభ ఒప్పుకోలేదు. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని తీర్మానించింది. ఆ తర్వాత అతనేషియస్ అనే బిషప్పు ఈ మాట కోసం అయిదుసార్లు ప్రవాసం పోయాడు. ఒక్క మాట కోసం అంత పట్టు ఎందుకని నన్ను సండే స్కూలు పిల్లలు అడిగేవారు. వాళ్లకు ఇలా చెప్పేదాన్ని: ఊళ్లో తగాదా వస్తే దొర తాను మేడ దిగకుండా పాలేరును పంపి దెబ్బలు తినిపించాడనుకోండి, ఆ దొరను ప్రేమగలవాడని ఎవరైనా అంటారా? సిలువ మీద ఉన్నది దేవుడు కాక, దేవుడు పంపిన ఇంకెవరో అయితే ఆ దేవుడి సంగతీ అంతే. తానే దిగివచ్చి, తానే దెబ్బ తిన్నాడు గనుకనే సువార్త సువార్త అయింది. అందుకే ఆయన దైవత్వాన్ని, ఆయన మానవత్వాన్ని విడదీయకూడదని 451లో కల్సెదోను సభ మళ్లీ చెప్పింది. నిజంగా దేవుడు, నిజంగా మనిషి.

శిష్యుడు తోమా సంగతి ఇక్కడే చెప్పాలి. మన దేశానికి వచ్చాడని, చెన్నై దగ్గర కొండ మీద చంపబడ్డాడని సంప్రదాయం చెప్పే తోమానే. గాయాల్లో వేలు పెట్టి చూస్తే గాని యేసు లేచాడని నమ్మనన్నాడు. యేసు చేతులు చాపాడు. నాలుగు సువార్తల్లోనూ యేసును ముఖాముఖి నా ప్రభువని, నా దేవుడని పిలిచినవాడు ఈ సందేహించినవాడే. వెలుగులు చూసి కాదు, మేకుల గుర్తులు చూసి అలా పిలిచాడు. లేపిన దేవుడు ఆ గుర్తులు చెరిపివేయలేదు. పండితుడు గారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే: చనిపోయినా దేవుడే అని మేము అనం, మన చావు చచ్చినందువల్లే ఆయన ఎలాంటి దేవుడో తెలిసింది అంటాం.

మా ఒంగోలు ప్రాంతంలో ఈ మాట ఎవరి చెవిన ముందు పడిందో చూడండి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు, విశ్వాసి అయి తన వాళ్లకు ఊరూరా చెప్పుకుంటూ పోయాడు. 1876–78లో ధాత కరువు వచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. గంజి కోసం మతంలో కలిశారన్న నింద రాకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే. ఆ ఏటిలో మునిగినవాళ్లలో మా ముత్తాత తల్లిదండ్రులున్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. చెప్పులు కుట్టినవాళ్లు. ఊరి బావి తాకనివ్వని వాళ్లు.

యేసు ఊరి గవిని వెలుపల చంపబడ్డాడని హెబ్రీయుల పత్రిక 13వ అధ్యాయం చెబుతుంది. ఊరి వెలుపల అంటే ఏమిటో వాడలో పుట్టినవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఊరంతా కలిసి అంటరానివాడని బయటికి నెట్టినవాణ్ణి దేవుడు లేపి, ఇతడే నా కుమారుడు అన్నాడంటే, ఆ వార్త వాళ్లకు వేదాంతం కాదు. ఊరి తీర్పు చివరి తీర్పు కాదని తెలిసింది. వినుకొండలో పుట్టిన జాషువా, అవమానాలు మింగి పెరిగిన మహాకవి, క్రీస్తు చరిత్ర రాయడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఈస్టరు ముందురోజు మా సమాధుల తోటలో సందడి చూడాలి. పిల్లలు పిచ్చిమొక్కలు పీకుతారు, మగవాళ్లు సున్నం వేస్తారు, ఆడవాళ్లు బంతిపూలు, చామంతులు గుచ్చుతారు. తెల్లవారుజామున నాలుగింటికి కొవ్వొత్తులు పట్టుకుని అందరం అక్కడే కూడుకుంటాం. మా వాళ్లు ఎవరైనా పోతే చనిపోయారని రాయం, ప్రభువునందు నిద్రించారని రాస్తాం. నిద్రపోయినవాళ్ల దగ్గరకు పొద్దున్నే వెళ్లడం సహజమే కదా. నా చెల్లెలు అక్కడే ఉంది. కామెర్లతో పోయింది, ముప్పై నాలుగేళ్లకు. ఆత్మ ఎక్కడో సుఖంగా ఉందని ఎవరైనా ఓదారిస్తే నాకు చాలదు. ఆ చేతులు, ఆ నవ్వు, ఆ మనిషే కావాలి. పునరుత్థానం నాకు ఇచ్చిన మాట సరిగ్గా అదే, అందుకే దాన్ని పట్టుకున్నాను. క్రీస్తు లేవకపోతే మా నమ్మకం వట్టిదని పౌలే తేల్చి చెప్పాడు. మేము అందరికన్నా జాలిపడదగినవాళ్లమవుతామని కూడా అన్నాడు. ఆ పణం ఎంతదో తెలిసే ఒడ్డాం.

క్రైస్తవులు కాని పాఠకులకు నా మనవి చిన్నది. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే, ఒక్క సాయంత్రం చాలు. ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా చదివి మీ అభిప్రాయం మీరే ఏర్పరచుకోండి.

మన సంఘాలవాళ్లకు చెప్పవలసింది ఇంకోటి ఉంది. మన ఊళ్లలో చాలాచోట్ల చర్చిలు కులాల వారీగానే ఉన్నాయి, సమాధుల తోటలూ కులాల వారీగానే ఉన్నాయి. ఒక కులం తోటలో ఇంకో కులం విశ్వాసిని భూస్థాపన చేయనివ్వక, శవాన్ని వెనక్కి తిప్పి పంపడం నేను కళ్లారా చూశాను. ఊరు వెలుపలికి నెట్టినవాణ్ణి దేవుడని మొక్కుతూ ఇంకొకణ్ణి వెలుపలికి నెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు? వచ్చే ఈస్టరుకు సున్నం వేయడానికి ముందు పెద్దలు, పాస్టరు గార్లు కూర్చుని మాట్లాడుకుని, ఆ తోటల మధ్య గోడలు తీయించండి.